ఎడమ భుజానికి పనికొచ్చే తుపాకీ

“తుపాకీ ఆ గుమ్మంలోంచి లోపలికొచ్చిందా, నేను అదే గుమ్మంలోంచి బయటికి పోతాను. ముందే చెప్తున్నా!”

ఆడపడుచు అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ఆసుపత్రి బట్టలైనా మార్చుకోలేదు. అత్యవసర వార్డులో నర్సు. గట్టిగా మాట్లాడడం అక్కడ అలవాటేగానీ ఇంట్లో ఆమె గొంతు ఎప్పుడూ గది దాటేది కాదు. ఇవాళ పైకప్పుకి తగిలింది.

“పోతే పో,” అన్నాడు వాళ్ళన్నయ్య. కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని కూర్చున్నాడు. “అడవిపంది చీల్చింది నీ తొడ కాదుగా. పడ్డవాడికి తెలుస్తుంది నొప్పి.”

“ఆ తొడకి కుట్లు వేస్తుంటే నిన్ను కదలకుండా పట్టుకున్నది ఎవరనుకున్నావ్? నేనే.”

అతను తల తిప్పుకున్నాడు. ఇద్దరికీ మధ్య, బల్ల దగ్గర, తుపాకీ లైసెన్సు దరఖాస్తు ముందు పెట్టుకుని, కలం పట్టుకుని కూర్చుంది అతని భార్య. ఊళ్ళో అందరూ ఆమెని అంట్లమ్మ అంటారు. నారింజ మొక్కలకి అంట్లు కట్టడంలో ఆమె చెయ్యి మంచిదని. “వంటింట్లో అంట్లూ నావే, తోటలో అంట్లూ నావే. ఇంకేం పేరు పెడతారు పాపం!” అని తనే నవ్వేది. పంది వచ్చిపోయాక ఆ నవ్వు వినిపించలేదు.

“రాయవేం?” అన్నాడు భర్త. “యాక్షన్ ఏ రకం అని ఉందిగా, అక్కడ సెమీ ఆటోమేటిక్ అని రాయి. నొక్కుతుంటే పేలుతూ ఉండాలి. మధ్యలో ఆగకూడదు.”

ఆమె రాయలేదు. కలం ఎక్కడ ఆనించాలో తెలియలేదు. కాగితం మీద ఒక్క గీత ఉండాల్సిన చోట రెండు గీతలున్నాయి. రెండూ నీళ్ళలో గడ్డిపోచల్లా మెల్లగా ఊగుతున్నాయి.

“వదినా, నువ్వైనా చెప్పు,” అంది ఆడపడుచు. “నిన్న ఏం జరిగిందో చెప్పు.”

నిన్న జరిగింది ముగ్గురికీ తెలుసు. ఆమె చేతిలోంచి బకెట్టు జారింది. ఆ చప్పుడికి అతను కునుకులోంచి ఉలిక్కిపడి చంకకర్ర విసిరాడు. అది ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. అద్దం ఉన్న చోట ఇప్పుడొక అట్టముక్క ఉంది. గాలి వీచినప్పుడల్లా అది చిన్నగా కొట్టుకుంటోంది. దాని గురించి మాట్లాడే పని అదే చూసుకుంటున్నట్టు, మనుషులెవరూ నోరు మెదపలేదు.

“దుకాణానికి వెళ్ళి చూసి రాద్దాం,” అంది అంట్లమ్మ చివరికి. “చూడకుండా ఏం రాస్తాం?”

ఆడపడుచు విసవిసా లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపటి దాకా ఆ గదిలోంచి నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేం రాలేదు.

*

తోటలో పాక కింద అంట్లమ్మ పని మొదలుపెట్టింది. మంచు ఇంకా కరగలేదు. నారింజ చెట్లు దగ్గరున్నవి చెట్లలా, దూరంగా ఉన్నవి చెట్ల ఆలోచనల్లా కనిపిస్తున్నాయి.

అందులో మంచు ఎంతో, తన కుడి కన్ను ఎంతో ఆమెకే తెలియదు.

కొన్నాళ్ళ కిందట ఆ కంట్లో పాలచుక్క పడ్డట్టు మొదలైంది. ఆ పాలు రోజురోజుకీ చిక్కబడ్డాయి. దీపం చుట్టూ వెన్నెల గుడి కట్టేది. పండిన నారింజలు కొమ్మలకి వేలాడే చిన్నచిన్న పొద్దుల్లా ఉండేవి. ఆమె తల్లికీ ఇలాగే వచ్చింది. ఆఖరి రోజుల్లో ఆవిడ గోడలు తడుముకుంటూ తిరిగింది. తనకీ అదేనని డాక్టరు నోట వినాలని లేదు. ఇంట్లో నర్సు ఉందాయె. ఒక్క మాట అంటే చాలు, మర్నాడు ఆసుపత్రిలో కూర్చోబెడుతుంది. అందుకే అనలేదు.

ఇంకో కారణమూ ఉంది. అది తనకి తాను చెప్పుకోవడానికే సిగ్గు. ఆ మసకలో లోకం ఎంతో మెత్తగా ఉండేది. ఎవరి మొహంలోనూ ముడతలు లేవు. ఎండిన కొమ్మ కూడా పూసినట్టే ఉండేది.

పనికి మాత్రం కన్ను అక్కర్లేకపోయింది. కొమ్మ చివర వాలుగా కోసి, వేరుమొక్క చీలికలో దూర్చి, బెరడుకి బెరడు ఆనించి పట్టీ చుడుతుంది. ఆనిందో లేదో బొటనవేలికి తెలిసిపోతుంది.

“వదినా.”

ఆడపడుచు తలారబోసుకుని వచ్చి పక్కన కూర్చుంది. కోపం దిగిపోయాక చిన్నపిల్లలా ఉంది మొహం.

“అన్నయ్య నిద్రలో ఏమంటాడో నాకు వినిపిస్తోంది. గోడ పక్కనే కదా. ‘పక్కకి జరుగు, పక్కకి జరుగు’ అని అరుస్తాడు. అలాంటి మనిషి చేతికి తుపాకీ ఇస్తామా?”

“ఆయనకి ధైర్యం కావాలమ్మా.”

“ధైర్యం దుకాణంలో అమ్మరు. నా వార్డుకి తుపాకీ గాయాలతో వచ్చేవాళ్ళలో చాలామంది ఆ తుపాకీ ఉన్న ఇంటివాళ్ళే వదినా. దొంగలూ కాదు, పందులూ కాదు.”

అంట్లమ్మ పట్టీ చుడుతూ ఉండిపోయింది.

“నీకు భయం లేదా?” అని అడిగింది ఆడపడుచు.

“దేనికి?”

“పొద్దున్నే ఒక్కదానివే ఇక్కడికి రావడానికి. ఆ పంది మళ్ళీ రాదని ఎవరు చెప్పారు?”

‘వస్తే కనిపిస్తుంది కదా’ అనబోయింది అంట్లమ్మ. అనకుండా ఇంకో కొమ్మ అందుకుంది.

*

తుపాకుల దుకాణం లోపల చెక్క వాసన, నూనె వాసన. వెలుతురు ఎత్తయిన కిటికీలోంచి ఏటవాలుగా దిగి, వరసగా నిలబెట్టిన గొట్టాల మీద నిద్రపోతోంది. దుకాణం ముసలాయన మాటలు కూడా ఆ వెలుతురులాగే నిదానంగా ఉన్నాయి.

“లైసెన్సు చేతికి రాకుండా అమ్మను. చూడ్డానికైతే ఎంతసేపైనా చూడండి. ఏ యాక్షనో తేల్చుకోకుండా దరఖాస్తు పెట్టడమంటే కాలు కొలవకుండా చెప్పులు కుట్టించుకోవడమే.”

“యాక్షన్ అంటే ఏమిటండీ అసలు?” అని అడిగింది అంట్లమ్మ.

“తూటా లోపలికి ఎలా వెళ్తుంది, పేలాక ఖాళీ గుల్ల ఎలా బయటికొస్తుంది, ఆ పద్ధతేనమ్మా. తుపాకీ స్వభావమంతా అందులోనే ఉంది.”

“నాకు సెమీ ఆటోమేటిక్ చాలు,” అన్నాడు భర్త, చంకకర్ర మీద ఒరిగి.

“అది మీరు ఆలోచించుకునేలోపు రెండో తూటా సిద్ధం చేసి కూర్చుంటుంది. లైసెన్సువాళ్ళు దాన్ని వేరే తరగతిలో పెట్టారు. పందులకే అయితే అంత తొందరేమిటని అడుగుతారు.”

“తొందర పందికి ఉంటుందండీ!”

ముసలాయన నవ్వి, ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది బోల్టు. తలుపు గడియ అనుకోండి. గడియ ఎత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తొయ్యాలి, మళ్ళీ దించాలి. అప్పుడు రెండోది. ఆ కాస్త వ్యవధిలో మనిషికి బుద్ధి తిరిగొస్తుంది. ఇంకోటుంది, నడుం దగ్గర వంచి ఒక్కటే తూటా పెట్టేది. తప్పిందా, మళ్ళీ వంచాలి.”

భర్త బోల్టు రైఫిల్ అందుకున్నాడు. ఖాళీదే. అయినా అతని వేళ్ళు గడియ మీద పడగానే వణకడం మొదలుపెట్టాయి. లోపల లోహం చిన్నగా టకటకలాడింది. ఆ చప్పుడికి అతను తనే ఉలిక్కిపడ్డాడు. ముసలాయన ఏమీ ఎరగనట్టు, బిడ్డని ఎత్తుకున్నట్టు దాన్ని చేతుల్లోంచి తీసుకున్నాడు.

“ఏదీ, అమ్మగారిని కూడా పట్టుకోనివ్వండి. ఇంట్లో ఆవిడా ఉంటారుగా.”

అంట్లమ్మ తుపాకీ ఎత్తింది. కుడి భుజానికి ఆనించి కిటికీలోంచి వీధి చివరకి చూసింది. పాలు. తెల్లటి, చిక్కటి పాలు. అందులో ఎక్కడో ఒక స్తంభం కరిగిపోతోంది. ఆమె ఏం చేస్తోందో ఆమెకి తెలియకముందే తుపాకీ మడమ ఎడమ భుజానికి మారింది. ఎడమ చెంప చెక్కకి ఆనింది.

లోకం ఒక్కసారి గీత గీసినట్టు నిలబడింది. స్తంభం మీద పావురం. పావురం మెడ మీద ఊదారంగు, దాని కింద ఆకుపచ్చ. ఈకకీ ఈకకీ మధ్య సందు. ఎన్నాళ్ళయిందో ఒక వస్తువుని ఇంత గట్టిగా చూసి! ఆమె ఊపిరి బిగబట్టింది. దింపాలనిపించలేదు.

“ఎడమచేతి వాటమా అమ్మా?” అన్నాడు ముసలాయన.

“కాదు,” అన్నాడు భర్త. “ఆవిడ కత్తి పట్టేది కుడిచేత్తో. కలమైనా గరిటైనా కుడిచేత్తోనే.”

ముసలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఏదో అర్థమైంది. దాన్ని నోట్లోనే పెట్టుకుని, వెనక వరసలోంచి ఇంకో రైఫిల్ తెచ్చాడు.

“ఎడమ భుజానికి మామూలు బోల్టు ఇబ్బందమ్మా. గడియ అవతలివైపు ఉంటుంది, ప్రతిసారీ చెయ్యి దాటించాలి. సెమీ ఆటోమేటిక్ అయితే ఖాళీ గుల్ల మొహం ముందునుంచి ఎగిరిపోతుంది. ఇది చూడండి, మీట ఉన్న రకం. కింద ఈ ఉంగరంలో వేళ్ళు పెట్టి దించి ఎత్తడమే. నువ్వు కుడా ఎడమా అని ఇది ఎవర్నీ అడగదు.”

ఆమె మీట దించింది, ఎత్తింది. పాత తలుపు ప్రేమగా మూసుకున్నట్టు చప్పుడైంది.

*

తిరుగు బస్సులో కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టింది. ఊళ్ళు, చెట్లు, మనుషులు, అన్నీ ఆవిరిలో ఈదుతూ వెనక్కి పోతున్నాయి. ఆ కాసేపూ బస్సులో అందరికీ తన కన్నే ఉన్నట్టనిపించింది అంట్లమ్మకి.

“ఎప్పట్నుంచి?” అన్నాడు భర్త.

“పూత రాకముందు నుంచి.”

“అంటే పంది రాకముందే.”

“ఊఁ.”

బస్సు ఒక మలుపు తిరిగింది. అతని భుజం వచ్చి ఆమె భుజానికి తగిలి, మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయింది.

“ఆ పొద్దున అది నీ కుడివైపునుంచి వచ్చింది,” అన్నాడు అతను. “నేను అరిచాను. నువ్వు ఓరగా అటు చూశావు కూడా. చూసి, కదలకుండా నిలబడ్డావు. భయంతో బిగుసుకుపోయావనుకున్నాను. అందుకే పరిగెత్తుకొచ్చి తోశాను.”

“అప్పుడు నాకు పొగమంచులో ఇంకాస్త పొగమంచు కనిపించిందండీ. అంతే.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్పను? నేను చూసి ఉంటే మీ కాలు బాగుండేది. చెప్తే మీరు నన్ను చూసినప్పుడల్లా కాలు చూసుకుంటారు.”

అతను అరచేత్తో అద్దం మీద ఆవిరి తుడిచాడు. తుడిచిన చోట మళ్ళీ ఆవిరి పట్టింది.

“నేను పరిగెత్తింది ఆలోచించి కాదు,” అన్నాడు చివరికి. “కాబట్టి లెక్కలో వేసుకోకు.”

ఇల్లు చేరేదాకా ఆ మాటే ఇద్దరి మధ్యా కూర్చుని ప్రయాణం చేసింది. ఇంట్లో ఆడపడుచు అడిగింది, “ఏం తేల్చారు?” అని. ఇద్దరూ ఒకేసారి “ఏం లేదు” అన్నారు. అలా ఒకేసారి అనడం చూసి ఆమె నుదురు ముడిపడింది.

*

దరఖాస్తు చివరికి భర్త పేరునే, సెమీ ఆటోమేటిక్ అనే వెళ్ళింది. దాని మీద విచారణకి లైసెన్సు ఆఫీసునుంచి వచ్చినావిడ మెత్తటి మనిషి. గుమ్మంలో చెప్పులు విడిచి, ఇంటికి చుట్టమై వచ్చినట్టు కూర్చుంది. మంచినీళ్ళు తాగి, అట్టముక్క పెట్టిన కిటికీ వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది.

“ఇంట్లో అందర్నీ విడివిడిగా ఒక ప్రశ్న అడగాలి. ఏమనుకోకండి. పద్ధతి.”

ముందు భర్తతో మాట్లాడింది. అంట్లమ్మ వంటింట్లో నిలబడి ఉంది. గోడ పల్చనిది. వినకూడదనుకుంటూనే విన్నది.

“ఈ ఇంట్లో తుపాకీ ఉంటే మీకేమైనా భయమా?”

అవతల కుర్చీ కిర్రుమంది.

“ఉందమ్మా,” అన్నాడు అతను. “పందంటే ఉన్న భయం వేరు. ఇది వేరు. అది నా చేతిలో ఉంటే నాకు భయం. ఆ అద్దం పగలగొట్టింది నేనే. కర్ర బదులు అదే ఉంటే...”

మాట తెగింది. మళ్ళీ అతికింది.

“నా పేరు కొట్టెయ్యండి. మా ఆవిడ పేరు రాయండి. యాక్షన్ దగ్గర సెమీ ఆటోమేటిక్ అనొద్దు. మీట ఉన్న రకం రాయండి. ఆవిడ ఎడమ భుజంతో కాలుస్తుంది. ఆవిడకి అదే వీలు.”

వంటింట్లో అంట్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెకి ఏదైనా కొనాలంటే “నీ ఇష్టం” అనేవాడు. తన కోసం ఒక వస్తువుని అంత పట్టించుకుని ఎంచడం ఇదే మొదటిసారి. అది కూడా తుపాకీ. నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళు నిండాయి, మంచి కన్నూ మసక కన్నూ రెండూ.

“ఎడమ భుజమా? అంటే కుడి కన్ను సరిగా కనిపించదా?” అంది ఆఫీసావిడ.

“కుడి కన్నేమిటి?” పక్కగదిలోంచి ఆడపడుచు గొంతు. ఆ తలుపూ పల్చనిదే.

ఇంకేముంది! ఆడపడుచు వంటింట్లోకి వచ్చింది. వదిన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. బొటనవేలితో రెప్ప ఎత్తింది. వార్డులో వేల కళ్ళు చూసిన చూపు ఒక్క క్షణంలో అంతా చదివేసింది. చెయ్యి మాత్రం గడ్డం మీంచి తీయలేదు.

“ఎన్నాళ్ళుగా వదినా?”

అంట్లమ్మ పొయ్యి వైపు చెయ్యి చాపి మంట తగ్గించింది.

“ఇంట్లో నేనుండగా! ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ నాకు చెప్పుకుంటారు. నువ్వు చెప్పుకోలేదు. రోజూ పొద్దున్నే ఈ కంటితో ఆ తోటలోకి వెళ్తున్నావా? అదీ ఒక్కదానివి?”

“పనాగదు కదమ్మా.”

ఆడపడుచు మొహం కడుక్కుంది. తుడుచుకోకుండానే ముందుగదిలోకి వెళ్ళింది. అంట్లమ్మ వెనకే వచ్చింది. భర్త కుర్చీలో తల వెనక్కి వాల్చి ఉన్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. చెప్పాల్సింది చెప్పేశాక బరువు దింపిన కూలివాడిలా నిద్రలోకి జారిపోయాడు. పంది వచ్చిన తర్వాత అతను అరుపు లేకుండా నిద్రపోవడం ఇదే మొదటిసారి.

“అమ్మా, నా పేరు రాయండి,” అంది ఆడపడుచు, అన్న లేవకుండా గొంతు తగ్గించి.

ఆఫీసావిడ తలెత్తింది. “తుపాకీ వస్తే ఇల్లు వదిలిపోతానని మీరే అన్నారని ఇప్పుడే మీ అన్నయ్యగారు చెప్పారు.”

“అన్నాను. ఇప్పుడు ఇది అంటున్నాను. రోజూ పొద్దున వదినతో పాటు నేను తోటలోకి వెళ్తాను. డ్యూటీలు మార్పించుకుంటాను.”

“యాక్షన్ ఏ రకం?”

“ఒక్కటే తూటా పట్టేది. రెండోదానికి నాకు ధైర్యం చాలదు.”

“ఒక్కదానికి పంది ఆగకపోతే?”

“ఆగకపోతే మనుషుల్ని ఆసుపత్రికి మోసుకెళ్ళడం నాకు అలవాటే.”

“వద్దు,” అంది అంట్లమ్మ.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “దరఖాస్తు నా పేరునే ఉండనివ్వండి. ఎడమ కన్ను బాగానే ఉంది.”

“వదినా, నీకు పిచ్చా?”

“నాకు కావాలమ్మా.” అంతకంటే చెప్పలేకపోయింది. స్తంభం మీద పావురం మెడ గురించి ఎవరికి చెప్పగలదు?

ఆ ఇంట్లో అంట్లమ్మ ‘నాకు కావాలి’ అనడం ఆడపడుచు ఎన్నడూ వినలేదు.

“ఒక కన్ను బాగుంటే ఇవ్వకూడదనేం లేదు,” అంది ఆఫీసావిడ. “కంటి డాక్టరు రాసిస్తే చాలు. కానీ నా అభిప్రాయం కూడా అడుగుతారు. నేను చూసింది నేను చెప్పాలి.”

లేచి, పగలని కిటికీ దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం వాలుతోంది. తోట మీద పల్చటి మంచు మళ్ళీ దిగుతోంది. అక్కడ నిలబడి ఏదో చూసింది. కదలకుండా ఉండిపోయింది.

“అమ్మా, ఒక్కసారి ఇలా రండి,” అని పిలిచింది, చాలా మెల్లగా. “ఆ చివర, మొక్కల దగ్గర. మీకేమైనా కనిపిస్తోందా?”

అంట్లమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. కుడి కన్ను తనంతట తనే సగం మూసుకుంది.

కనిపించింది. అంతా కనిపించింది. తను కట్టిన అంట్ల మధ్య నల్లటి ఆడపంది. దాని వెన్ను మీద తడి మెరుపు. వెనకాల పిల్లలు, ఒంటిమీద చారలు గీసినట్టు, ఒకదాని తోక ఒకటి ముట్టుకుంటూ. చివరిది వెనకబడింది. తల్లి ఆగి, వెనక్కి తిరిగి, అది వచ్చేదాకా నిలబడింది. మంచు వాటి కాళ్ళ కింద పాలపొంగులా లేస్తోంది. ఎవరో చూడమని తెచ్చి నిలబెట్టినట్టున్నాయి అన్నీ.

ఒక్క మాట చాలు. లైసెన్సు ఆమెది. ఆ తర్వాత తుపాకీ ఆ తల్లివైపే.

వెనక కుర్చీలో భర్త ఊపిరి మెత్తగా, సమంగా వినిపిస్తోంది.

“ఏమీ కనిపించడం లేదండీ,” అంది అంట్లమ్మ.

ఆఫీసావిడ జాలిగా ఆమె భుజం తట్టింది. కలం తీసి, ఆడపడుచు వైపు తిరిగింది. “అయితే మీ పేరే రాస్తానమ్మా.”

ఆడపడుచు కూడా కిటికీలోంచి చూస్తోంది. ఒకసారి తోటలోకి చూసింది. ఒకసారి వదిన ఎడమ కంట్లోకి, అందులో ఇంకా కదులుతున్న చారల నీడల్లోకి చూసింది.

“ఒక్క నిమిషం ఆగండి,” అంది. “వదినా, ఇలా నా వైపు తిరుగు.”